గింజ చెట్ల కొండ

(కడియంలో మొక్కల రైతులు, మొక్కలంటే ఇష్టమున్నవారు కలుసుకున్న ఒక సాయంత్రం, వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా పనిచేసి రిటైరైన వక్త మాట్లాడిన మాటలకు అక్షరరూపం.)

అందరికీ నమస్కారమండి. కడియం వచ్చి మొక్కల గురించి మాట్లాడడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ముప్పై ఏళ్లు కాలేజీలో బోటనీ చెప్పాను గానీ, నన్ను అంటు కట్టమంటే పదికి మూడు బతుకుతాయి. మీరు కడితే పదికి పదకొండు బతుకుతాయి. (నవ్వులు) అందుకని ఇవాళ పాఠం చెప్పను. ఒక కొండ ఎక్కి దిగిన కబురు చెబుతాను. మధ్యలో అంటు, గింజ అనే మాటలు వస్తాయి. అక్కడ నేను తప్పితే మీరు ఆపండి.

మా అమ్మాయి జపాన్‌లో, ఒసాకాలో ఉంటుంది. "అమ్మా, ఒక్కసారి సకురా టైముకి రావే" అని నాలుగేళ్లు పోరింది. సకురా అంటే చెర్రీ పువ్వు. సరేనన్నాను. అనడమైతే అన్నాను గానీ, టికెట్ చవగ్గా దొరుకుతోందని ఏప్రిల్ 9న దిగేలా కొన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. ఒసాకా నగరంలో ఈ పువ్వులు మార్చి చివర్లో విచ్చుకుంటాయి, వారం పది రోజులకల్లా రాలిపోతాయి. నేను దిగేసరికి ఊరంతా పచ్చటి చెట్లు. కాలవ గట్టున రేకలు కుప్పలుగా చేరి, గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. పందిరి విప్పుతుండగా పెళ్లికి చేరుకున్న చుట్టంలా అయింది నా పని. మా అమ్మాయి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది కదండీ.

మర్నాడు లిఫ్టులో ఎదురింటి పెద్దావిడ కనిపించి సంగతి కనుక్కుంది. "యోషినో వెళ్లండి. కొండ ఇంకా అవలేదు" అంది. పువ్వులు అవలేదు అనలేదు, కొండ అవలేదు అంది. ఆ మాట అప్పటికి నాకు అర్థం కాలేదు.

ముందు, నగరంలో చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూసి ఒకేసారి ఎందుకు రాలిపోతాయో చెబుతాను. మీరు ఈపాటికే పట్టేసి ఉంటారు. అవన్నీ అంట్లు. ఇవాళ జపాన్ నగరాల్లో, పార్కుల్లో, బడుల ఆవరణల్లో కనిపించే చెర్రీ చెట్లలో ఎక్కువ భాగం సోమేయ్ యోషినో అనే ఒకే ఒక్క రకం. డీఎన్‌ఏ చూస్తే అన్నీ ఒకే చెట్టు. ఎడొహిగాన్ అనే అడవి చెర్రీకి, ఒషిమా చెర్రీకి పుట్టిన ఏదో ఒక సంకరపు మొక్క నుంచి కొమ్మ కోసి, అంటు మీద అంటు కట్టుకుంటూ దేశమంతా నింపేశారు. చెర్రీలో సోమేయ్ పుప్పొడి సోమేయ్‌కి పనికిరాదు. రెండు వందల చెట్లు పక్కపక్కనే ఉన్నా తమలో తాము కాయ కట్టవు. ఎలా కడతాయి, ఉన్నది ఒక్కటే చెట్టయితే! మన బంగినపల్లి తోటలో ఏ చెట్టు కాయ తిన్నా ఒకటే రుచి ఎందుకంటే ఏం చెబుతారో ఇదీ అదే. అందుకే టోక్యోలో యసుకుని గుడి ఆవరణలోని ఒకే ఒక్క చెట్టు మీద అయిదారు పువ్వులు విచ్చగానే, వాతావరణ శాఖవాళ్లు చూసి "టోక్యోలో సకురా వచ్చింది" అని ప్రకటించేస్తారు. ఒక మెతుకు పట్టి చూస్తే చాలు.

ఈ సోమేయ్ అన్నది చెట్టు పేరు కాదు, ఊరి పేరు. ఎడో అంటే పాత టోక్యో, దాని పొలిమేరలో ఉండే పల్లె. ఆ పల్లెంతా తోటమాలులు, మొక్కల వర్తకులు. ఎడో నగరానికి కడియం అన్నమాట. (చప్పట్లు) మీరు చప్పట్లు కొట్టకండి, అసలు సంగతి వినండి. వాళ్లు ఈ మొక్కని ఏ పేరుతో అమ్మారో తెలుసా? "యోషినో సకురా" అని. యోషినో అప్పటికే దేశంలో పువ్వులకు పేరుమోసిన కొండ. కొండ చూడలేనివాళ్లకు కొండ పేరు అమ్మారు. చిత్తూరు వైపు కాసిన మామిడిని బంగినపల్లి పేరుతో తట్టలో పెట్టడం మనకు తెలియనిది కాదు. చివరికి 1900లో ఒక పరిశోధకుడు, ఫుజినో అని, ఈ చెట్టు యోషినో కొండ మీద చెట్టు కాదని తేల్చి, గందరగోళం లేకుండా ముందు సోమేయ్ తగిలించాడు. కానీ ప్రపంచానికి ఆ ముందుపేరు చేరలేదు. 1912లో అమెరికాకి 3,020 మొక్కలు కానుకగా పంపారు. వాషింగ్టన్‌లో ఏటేటా లక్షలమంది చూసే పువ్వులు ఆ కానుకతో మొదలైనవే. వాటిలో ఎక్కువ భాగం ఇవే అంట్లు. అక్కడివాళ్లు వాటిని యోషినో చెర్రీ అనే అంటారు.

మరి యోషినో కొండ మీద ఏముంది? అది చూడ్డానికే 12వ తేదీ పొద్దున బయల్దేరాం. నేను, మా అమ్మాయి, ఎనిమిదేళ్ల మనవరాలు.

ఒసాకాలో అబెనొబషి అనే స్టేషన్ నుంచి కింతెత్సు వాళ్ల రైలు, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అయితే గంటా పావు చాలు. నారా రాష్ట్రంలోకి వెళ్లాక లోయ ఇరుకవుతుంది. రెండు పక్కలా దేవదారులాంటి చెట్లు గీత గీసినట్టు నిటారుగా ఉంటాయి. సుగి అంటారు. యోషినో సుగి కలపకి ఎంత పేరంటే, సారా పీపాలు చేసేవాళ్లకి అదే కావాలి. ముడి లేకుండా, సన్నటి వలయాలతో పెరగాలని మొక్కలు ఒత్తుగా నాటి, కొద్దికొద్దిగా తీసేస్తూ వస్తారు. ఒకప్పుడు దుంగల్ని తెప్పలుగా కట్టి యోషినో ఏట్లో సముద్రం దాకా వదిలేవారు. మా తాతగారు గోదావరిలో భద్రాచలం వెదురు తెప్పలు చూశానని చెప్పేవారు, ఆ ఏరు దాటుతుంటే అదే గుర్తొచ్చింది. ఈ కలప సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పనుంది.

స్టేషన్‌లో దిగితే జనం. మన పుష్కరాలంత కాదు గానీ, జపాన్‌కి చాలా ఎక్కువ. 1929లో వేసిన రోప్‌వే ఒకటుంది, వాళ్ల దేశంలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అదే పాతది. క్యూ చూసి నడిచే వెళదామన్నాను. ఏడు మలుపుల దారి అని ఉంది. నా మోకాళ్లు నాలుగో మలుపులో మాట్లాడడం మొదలుపెట్టాయి.

ఆ మలుపుల దగ్గరున్న భాగాన్ని షిమో సెన్‌బొన్ అంటారు. అంటే కింది వెయ్యి చెట్లు. దాని పైన నాకా సెన్‌బొన్, నడిమి వెయ్యి. ఆ పైన కామి సెన్‌బొన్, పై వెయ్యి. అన్నిటికన్నా లోపల ఒకు సెన్‌బొన్, లోవెయ్యి. పేరుకి నాలుగు వేలు గానీ, కొండ మొత్తం మీద ముప్పై వేల చెర్రీ చెట్లు ఉన్నాయంటారు. వాటిలో ఎక్కువ భాగం షిరొయమజకురా, అంటే తెల్ల కొండచెర్రీ. ఇది గింజ చెట్టు, అంటు కాదు, గింజ నుంచి మొలిచింది.

షిమో సెన్‌బొన్ చూసి నీరుగారిపోయాను. అక్కడా అయిపోయింది. కొమ్మలన్నీ ఆకు. నా ముఖం చూసి మనవరాలు "అమ్మమ్మా, మళ్లీ లేటా?" అంది. అప్పుడు తలెత్తి పైకి చూశాను. కొండ సగం నుంచి పైన రంగు మారి ఉంది. ఎదురింటావిడ మాట అప్పుడు తెలిసొచ్చింది. వంద మీటర్లు ఎక్కితే అర డిగ్రీ పైనే చల్లబడుతుంది. పువ్వు కింద మొదలై పైకి ఎక్కుతూ పోతుంది. ఏప్రిల్ మొదట్లో కింది వెయ్యి పూస్తే, లోవెయ్యికి చేరేసరికి మూడో వారం. పైగా ప్రతిదీ గింజ చెట్టు కాబట్టి పక్కపక్కనున్న రెండు చెట్లు కూడా ఒకే రోజు పూయవు. ఒకటి తొందరది, ఒకటి బద్ధకంది. నగరంలో పువ్వు ఒక తేదీ. ఇక్కడ పువ్వు ఒక చోటు. నడుచుకుంటూ వెళ్లి అందుకోవచ్చు. ఆలస్యంగా వచ్చేవాళ్లకి ఇంతకన్నా మంచి కొండ ఉంటుందా?

నడిమి వెయ్యి దగ్గర రాలుతున్నాయి. గాలి లేకపోయినా రాలుతున్నాయి. పై వెయ్యి నిండుగా ఉంది. అక్కడ హనయగుర అనే చోటుంది, పూల మంచె అని చెప్పుకోవచ్చు. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే వచ్చిన దారంతా కింద పరుచుకుని ఉంటుంది. నడుమ పెద్ద గుడి కప్పు ఒక్కటే నల్లగా పైకి తేలి కనిపిస్తుంది. ఫోటోల్లో చూసే గులాబీ రంగు మేఘం కోసం చూశాను. అది లేదు. అదొక తెలుపు, తెలుపులో రాగి. ఎందుకంటే సోమేయ్ యోషినో మన మోదుగలాగా, బూరుగులాగా బోడికొమ్మ మీద పూస్తుంది. కొండచెర్రీకి పువ్వు, చిగురు కలిసే వస్తాయి. ఆ చిగురు ఒక్కో చెట్టుకి ఒక్కో రంగు. ఒకటి ఎరుపు, ఒకటి గోధుమ, ఒకటి పసుపు కలిసిన పచ్చ. ఫాల్గుణంలో నాటు మామిడి తోటలోకి వెళితే ఒక్కో చెట్టు చిగురు ఒక్కో రాగి ఛాయలో ఉంటుంది చూశారా, ఆ కొండకి తెల్లపువ్వు చల్లినట్టు ఊహించుకోండి. ముప్పై ఏళ్లు పిల్లలకి వైవిధ్యం అని బోర్డు మీద రాశాను. ఆ మాట అంత పెద్దగా రాసి ఉండడం ఎప్పుడూ చూడలేదు.

ఇంత చెట్టు ఇక్కడికి ఎలా వచ్చింది? అడవిలో దానంతటది పుట్టింది కాదు. ముడుపులు. మీరు విన్నది నిజమే, మొక్కుబడి మొక్కలు.

పదమూడు వందల ఏళ్ల కిందట ఎన్ నో గ్యోజా అనే తపస్వి ఉండేవాడు. కొండల్లో తపస్సు చేసే షుగెందో అనే మార్గానికి ఆయన్ని మూలపురుషుడిగా కొలుస్తారు. ఆయన ఈ కొండల వరుసలో వెయ్యి రోజులు కూర్చున్నాడట. శాక్యముని దర్శనమిచ్చాడు. ఇంత శాంతమూర్తి ఈ పాడుకాలానికి సరిపోడు అన్నాడు. వెయ్యి చేతుల అవలోకితేశ్వరుడు వచ్చాడు. ఊహూఁ. మైత్రేయుడు వచ్చాడు. కాదన్నాడు. అప్పుడు బండ బద్దలై ఒక ఉగ్రమూర్తి వచ్చింది. నీలపు ఒళ్లు, మూడు కళ్లు, ఎత్తిన కుడికాలు, చేతిలో వజ్రం. జావో గొంగెన్. ఆ ముగ్గురూ కలిసి ఈ రూపం ఎత్తారంటారు. సింహాచలం దగ్గర పెరిగిన నాకు, బండ బద్దలు కాగానే ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు. గ్యోజా ఆ రూపాన్ని చెర్రీ కొయ్యలో చెక్కాడు. అదీ కీలకం. దేవుడి ఒళ్లు చెర్రీ మాను అయింది కాబట్టి, ఆ చెట్టు నరకడం పాపం, నాటడం పుణ్యం. మొక్కుకున్నవాళ్లు మొక్కలు తెచ్చి నాటడం మొదలుపెట్టారు. 1579లో ఒసాకా వైపు వర్తకుడొకాయన పదివేల మొక్కలు సమర్పించాడు. కొమ్మ విరిస్తే వేలు, చెట్టు కొడితే తల అనేవారట. ఎండిన పుల్లని కూడా పొయ్యిలో పెట్టేవారు కాదట.

ఇక్కడ ఒక పక్కదారి. ఈ గ్యోజాకి దీక్ష ఇచ్చింది ఎవరని అక్కడి ఐతిహ్యం చెబుతుందో తెలుసా? ఒసాకాకి ఉత్తరాన మినో జలపాతం ఉంది. అక్కడ తపస్సులో ఉండగా ర్యూజు బోధిసత్త్వుడు ఉపదేశించాడంటారు. ర్యూ అంటే నాగు, జు అంటే చెట్టు. అర్జునం అంటే మద్దిచెట్టు. నాగార్జునుడండీ! మన కృష్ణ ఒడ్డు శ్రీపర్వతంతో పేరు ముడిపడ్డ ఆచార్యుడు. కాలాలు కలవవు, ఇద్దరికీ మధ్య నాలుగైదు వందల ఏళ్లు. ధ్యానంలో జరిగింది కాబట్టి కాలం అడ్డు కాదంటారు వాళ్లు. నేను చరిత్ర అనడం లేదు. కానీ అంత దూరం వెళ్లి, కొండ మీద వింటున్న కథలో మన పొరుగు పేరు వినిపిస్తే ఒక్క క్షణం కాళ్ల నొప్పి మరిచిపోతాం.

మా అదృష్టం, ఆ రోజు పూల పూజ. ఏటా ఏప్రిల్ 11, 12 తేదీల్లో ఊరేగింపు ఉంటుంది. స్వామీ, కొండ పూసిందని జావో గొంగెన్‌కి కబురు చెప్పడం. హనకు ఎషికి అంటారు. అందులో కు అన్నది కుయో, అంటే పూజే, సంస్కృతంలోని పూజకి చైనావాళ్లు కట్టుకున్న మాట. చికురిన్‌ఇన్ అనే చోట మొదలై పెద్ద గుడికి వస్తారు. ముందు జూలుకర్రలు విసిరి పట్టుకునే నౌకర్ల వేషాలు, ముస్తాబైన పిల్లలు, వెనక యమబుషులు. యమబుషి అంటే కొండల్లో పడుకునేవాడు. నడుముకి జింక చర్మం, చేతిలో శంఖం. శంఖం ఊదగానే మా మనవరాలు నా చెంగు పట్టుకుంది. గుడి ముందు పచ్చి కొమ్మలు పేర్చి నిప్పు పెట్టారు. గోమా అంటారు. హోమం అన్న మాటే సముద్రం దాటి గోమా అయింది. తెల్లటి పొగ గుడి కప్పు మీదుగా పువ్వుల్లోకి వెళ్లింది.

ఆ గుడి కిన్‌పుసెన్‌జి. ఇప్పుడున్న జావో మండపం పదహారో శతాబ్దం చివర్లో కట్టింది, ముప్పై నాలుగు మీటర్ల ఎత్తు, అంతా కొయ్య. లోపల స్తంభాల్ని తీర్చిదిద్దలేదు, అడవిలో ఎలా ఉన్నాయో దాదాపు అలాగే నిలబెట్టారు. స్తంభాలు రకరకాల జాతుల మానులు. నేను దేవుడి కంటే స్తంభాలే ఎక్కువసేపు చూశానని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది. మూలవిరాట్టులు మూడు, ఏడు మీటర్ల ఎత్తువి. ఏడాదిలో కొన్ని రోజులే తలుపులు తీస్తారు. మేం వెళ్లినప్పుడు తీసి ఉన్నాయి. ఆ నీలం గురించి ఏం చెప్పను... కోపంగా ఉన్న ముఖం, ఆ రంగేమో కరుణకి గుర్తు అంటారు.

ఈ కొండకి రాజులు కూడా వచ్చారు. దాక్కోడానికి కొందరు, చూపించుకోడానికి కొందరు. గొదైగో చక్రవర్తి 1336లో క్యోటో నుంచి తప్పించుకుని వచ్చి ఇక్కడే కొలువు పెట్టాడు. యాభై ఆరేళ్లు దేశానికి ఇద్దరు చక్రవర్తులు, రెండు కొలువులు. ఆయన మాత్రం 1339లోనే పోయాడు. చక్రవర్తుల సమాధులు మామూలుగా దక్షిణం చూస్తాయి. ఆయనది ఉత్తరం చూస్తుంది, క్యోటో వైపు. హిదెయోషి కథ వేరు. దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాక 1594లో అయిదువేల మందితో పువ్వులు చూడ్డానికి వచ్చాడు. మూడు రోజులు వాన. రేపటికి తగ్గకపోతే కొండకి నిప్పెట్టి పోతానన్నాడట. సన్యాసులు రాత్రంతా ప్రార్థనలు చేశారట, మర్నాడు తెరిపిచ్చిందట. ఆయన దిగిన యోషిమిజు అనే చోట నుంచి చూస్తే ఒక్క చూపులో వెయ్యి చెట్లు అని ఇప్పటికీ బోర్డు పెట్టారు. పెద్దమనిషి పువ్వులు చూసే తీరు అలా ఉంటుంది.

నాకు నచ్చిన మనిషి ఇంకొకాయన. సైగ్యో. మాజీ చక్రవర్తి అంగరక్షక భటుడు, ఇరవై మూడేళ్లకి అన్నీ వదిలేసి సన్యాసి అయ్యాడు. పువ్వుల పిచ్చి మాత్రం వదల్లేకపోయాడు. లోవెయ్యిలో బాగా లోపల, లోయ అంచున, ఆయన ఉండేవాడని చెప్పే చోట చిన్న గుడిసె ఉంది. అసలుది కాదు, తర్వాత కట్టిందే. వసంతంలో పున్నమి నాటికి పువ్వుల కింద ప్రాణం పోవాలని పద్యం చెప్పుకున్నాడు, బుద్ధుడు నిర్వాణం పొందిన రెండో నెల పున్నమిని తలుచుకుంటూ. 1190లో రెండో నెల 16న పోయాడు. ఒక్క రోజు తేడా. నాకు టికెట్ రోజులకి రోజులే తప్పింది. (నవ్వులు)

ఆయన గుడిసె చూడాలని బషో రెండుసార్లు వచ్చాడు, 1684లో ఒకసారి, 1688లో ఒకసారి. హైకూ అంటే ప్రపంచమంతా తలిచే ఆ బషో ఇక్కడ మూడు రోజులుండి, చెప్పడానికి మాట రాక ఊరికే నోరు మూసుకున్నానని రాసుకున్నాడు. నేను ఇక్కడ అరగంట నుంచి మాట్లాడుతున్నాను, గమనించండి.

మేం గుడిసెకి చేరేసరికి సాయంత్రమైంది. అక్కడింకా మొగ్గే. పసుపు ముక్కంత పొడుగు తొడిమలు, కొస ఎర్రన. ఒక్క పువ్వు లేదు, ఒక్క మనిషి లేడు. పొద్దున కింద చూసిన చెట్టు పువ్వు అయిపోయి ఆకైంది, ఇక్కడి చెట్టు ఇంకా మొదలే కాలేదు. ఒకే రోజులో, ఒకే కొండ మీద మూడు వారాలు నడిచాం.

తిండి గురించి అడుగుతారు, తొందరగా చెప్పేస్తాను. ఖర్జూరంలా తియ్యగా ఉండే కాకి అనే పండు, అదే పెర్సిమన్, ఆ చెట్టు ఆకులో చుట్టిన చేప అన్నం అక్కడ ప్రసిద్ధి, నేను తినను. నాకు దొరికింది కుజు. అడవి తీగ దుంపలోంచి తీసిన పిండి. శీతాకాలం గడ్డకట్టే నీళ్లలో కలపడం, తేర్చడం, ఒంపడం, మళ్లీ కలపడం. మన పాలగుండ తీసినట్టే. వేడినీళ్లలో కలిపితే గాజులా అవుతుంది. కొట్లో దారానిసుకే అని నల్ల మాత్రలు అమ్ముతున్నారు, కడుపునొప్పికి. ధారణి మంత్రాలు చదివేటప్పుడు నిద్ర రాకుండా సన్యాసులు నోట్లో వేసుకునేవారట, అందుకా పేరు. నాలిక మీద పెట్టగానే పరమ చేదు. కిహాదా బెరడు అది, మన మానుపసుపులో ఉన్న బెర్బెరిన్ దాన్లోనూ ఉంది.

ఇప్పుడు ఆ కలప సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కొత్త ప్రభుత్వం బౌద్ధాన్నీ స్థానిక దేవతల్నీ విడదీస్తానంది. రెండూ కలిసిన షుగెందోని 1872లో నిషేధించింది. గుడి మూతపడింది. దేవుడు లేకపోతే ముడుపు చెట్లకి దిక్కెవరు? వంటచెరుకుగా అమ్మేసి ఆ చోట లాభమొచ్చే సుగి వేద్దామనుకున్నారు. దాన్ని ఆపింది ఎవరనుకున్నారు? పక్క లోయలో వేల ఎకరాల సుగి పెంచిన అడవి ఆసామి, దొకుర షోజబురో. సొంత డబ్బు పెట్టి చెర్రీ చెట్లు కొట్టకుండా అడ్డుపడ్డాడని చెబుతారు. సుగి అంటే ఆయనకి వ్యాపారం. చెర్రీ అలా కాదు. గుడి మళ్లీ 1886లో తెరుచుకుంది.

ఇప్పుడూ కష్టాలున్నాయి. ముసలి చెట్లకి బూజు తెగుళ్లు, నాచు. జింకలు లేతమొక్కలు తినేస్తాయి. దారి పక్కన కంచె లోపల వెదురు కర్ర ఆనించిన మొక్కలు చాలా కనిపించాయి. ఈ కొండ చెట్ల కాయలే ఏరి, గింజలు వేసి పెంచి నాటుతారు. అంటైతే మూడేళ్లకి పూస్తుంది. వీళ్లకి ఆ తొందర లేదు. తొందరపడే వాతావరణం వేరే ఉంది. క్యోటోలో కొండచెర్రీ ఏ రోజు నిండుగా పూసిందో రాజాస్థానపు దినచర్యల్లోంచి యసుయుకి ఆవొనో అనే పరిశోధకుడు ఏరి పెట్టాడు, తొమ్మిదో శతాబ్దం నుంచి. 2021లో మార్చి 26న పూసింది. పన్నెండు వందల ఏళ్లలో అప్పటిదాకా అంత ముందుగా ఎన్నడూ లేదు. మన తాతలు పంచాంగం మార్జిన్లో రాసే వాన లెక్కలు పారేశాం కదా, వాళ్లు పువ్వు లెక్కలు కూడా పారేయలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనకాల బాబు...

(సభలో ఒకరు: "మేడమ్, మొక్క తెచ్చారా? మన దగ్గర వస్తుందా?")

వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న! తేలేదండీ. మొక్కలు, గింజలు అలా సంచిలో వేసుకుని తేకూడదు, పురుగులొస్తాయి. 1912కి ముందు అమెరికాకి పంపిన మొదటి విడత మొక్కల్ని పురుగులున్నాయని అక్కడే తగలబెట్టేశారు. తెచ్చినా లాభం లేదు. దానికి చలినిద్ర కావాలి. కొన్ని వారాలు గట్టి చలి తగలకపోతే మొగ్గ లేవదు. కడియంలో ఏం చలి? ఫ్యాను కట్టేస్తాం, అంతే.

అయితే మనకీ ఒకటుంది. ఆయుర్వేద కొట్లో పద్మకాష్ఠం అడగండి, చెక్క ముక్కలిస్తారు. అది హిమాలయపు అడవి చెర్రీ. అది వసంతంలో కాదు, చలికాలం మొదట్లో పూస్తుంది. షిల్లాంగ్‌లో నవంబరులో రోడ్ల పక్కన నిండా పూస్తుంది, 2016 నుంచి ఉత్సవం కూడా చేస్తున్నారు. రాజమండ్రి మీదుగా గువాహటికి రైలుంది. అక్కడి నుంచి మూడు గంటల కొండదారి. నేను వెళదామనుకుంటున్నాను. రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు కాబట్టి, వచ్చేవాళ్లు సెప్టెంబరు మొదటికల్లా నాకు చెప్పండి. ఈసారి తేదీ మాత్రం నన్ను ఎంచనివ్వకండి.